విశాఖలో బీబీసీ రేడియో 4: ఏ వేళకి ఏం వస్తుంది, ఎలా వినాలి?

ప్రశ్న (మధురవాడ_శ్రోత)

ఇంగ్లిష్ మాట చెవికి పట్టాలని బీబీసీ రేడియో 4 వినడం మొదలుపెట్టాను. పాత బీబీసీ సౌండ్స్ యాప్ ఇక్కడ పనిచేయట్లేదు, ఇప్పుడు దేనిలో వినాలి? అక్కడి పట్టిక చూసి అలారం పెట్టుకుంటే ఒక్కోసారి గంట తేడా వస్తోంది, ఎందుకు? నాకు ఖాళీ దొరికేది పొద్దున్న 5 నుంచి 7 దాకా, మళ్లీ సాయంత్రం 6 తర్వాత. ఆ వేళల్లో ఏం వినదగ్గవి ఉంటాయి? తెల్లవారుజామున ఓడలవాళ్ల కోసం వాతావరణం చదువుతారు, అది ఒక్క ముక్క అర్థం కావట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (ఎంవీపీ_రేడియో)

సౌండ్స్ యాప్‌ని బ్రిటన్ బయటివాళ్లకి 2025 జులైలో ఆపేశారండి. రేడియో 4, వరల్డ్ సర్వీస్ లైవ్ మాత్రం బీబీసీ డాట్ కామ్‌లో ఆడియో విభాగంలోనూ, మామూలు బీబీసీ యాప్‌లోనూ వస్తాయి. రేడియో సెట్టు మీద ఆశ పెట్టుకోవద్దు. వాళ్ల ఎఫ్‌ఎం ఇక్కడికి రాదు, 198 కిలోహెర్ట్జ్ లాంగ్‌వేవ్ ఇంత దూరం అందదు, పైగా మన సెట్లలో ఆ బ్యాండే ఉండదు.

డేటా గురించి కంగారు అక్కర్లేదు. 96 కిలోబిట్ల స్ట్రీమ్ అయితే గంటకి దాదాపు 43 ఎంబీ. స్క్రీన్ ఆపగానే మాట ఆగిపోతుంటే తప్పు నెట్‌ది కాకపోవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ అని పెట్టండి. మధ్యలో పాజ్ చేసి మళ్లీ నొక్కితే ఆగినచోటి నుంచే వస్తుంటుంది, కాబట్టి ‘లైవ్’ బటన్ నొక్కి ముందుకి రావాలి. గంట కొట్టే ముందు వచ్చే ఆరు బీప్‌లతో (అయిదు పొట్టివి, చివరిది పొడుగు) గడియారం సరిచేసుకోవద్దు. నెట్‌లో అవి ఎంతోకొంత ఆలస్యంగానే చేరతాయి.

జవాబు (పెందుర్తి_97)

గంట తేడాకి కారణం వాళ్ల వేసవి సమయం, అప్పుడు అక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మనం వాళ్లకంటే నాలుగున్నర గంటలు ముందు, మిగతా కాలమంతా అయిదున్నర. ఆ ఆదివారాల్లో మన ఉదయం 6:30కి మార్పు జరుగుతుంది. ఫోన్‌లో జీఎంటీ (వేసవిలో మారని గ్రీనిచ్ సమయం) పెట్టుకున్నవాళ్లు వేసవంతా గంట ఆలస్యంగా వింటారు. ‘లండన్’ అనే పెట్టుకోండి. అలారం బదులు క్యాలెండర్‌లో ఈవెంట్ పెట్టి దాని టైమ్‌జోన్ లండన్ అని ఇస్తే మార్పు అదే చూసుకుంటుంది.

మీ వేళలకి (ముందు వేసవి, తర్వాత చలికాలం): అక్కడి అర్ధరాత్రి వార్తలు మనకి 4:30 లేదా 5:30. ఓడల సూచన 5:18 లేదా 6:18. ఆ తర్వాత 5:30 లేదా 6:30 నుంచి వరల్డ్ సర్వీస్ (బీబీసీ విదేశీ శ్రోతల కోసం నడిపే స్టేషన్). రేడియో 4కి గుండెకాయ లాంటి ‘టుడే’ వార్తల కార్యక్రమం అక్కడ 6 నుంచి 9, అంటే మన 10:30 లేదా 11:30కి మొదలు, అది మీ ఆఫీసు వేళలో పోతుంది. సాయంత్రం మాత్రం బాగా కలిసొస్తుంది. వార్తల కార్యక్రమం ‘వరల్డ్ ఎట్ వన్’ 5:30 లేదా 6:30, ‘ది ఆర్చర్స్’ నాటకం పునఃప్రసారం 6:30 లేదా 7:30 దాటగానే, ‘పీఎమ్’ (ఇదీ వార్తలే) 9:30 లేదా 10:30. రాత్రి 10:30 లేదా 11:30కి బిగ్ బెన్ గంటతో మొదలయ్యే అరగంట వార్తలు భాష నేర్చుకునేవాళ్లకి అన్నిటికంటే మంచివని నా అభిప్రాయం. వాక్యాలు పొట్టిగా, ఉచ్చారణ నిదానంగా ఉంటాయి, ఒకరి మాట మీద ఇంకొకరు పడరు.

మధురవాడ_శ్రోత

ధన్యవాదాలండి. ఆర్చర్స్ 1951 నుంచి నడుస్తోందట, మధ్యలో దిగితే అర్థమవుతుందా?

పెందుర్తి_97

అవుతుంది, కాకపోతే వారం మధ్యలో మొదలుపెట్టకండి. ఆదివారం అక్కడి 11 గంటలకి (మన 3:30 లేదా 4:30) వారం భాగాలన్నీ కలిపి వేస్తారు. ముందు అది వినండి. ఒక్కో భాగం దాదాపు 13 నిమిషాలే. పల్లెటూరి యాసలు చెవికి పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది.

జవాబు (జాలారిపేట_గాలి)

ఓడల సూచన అర్థం కాకపోవడానికి కారణం ఇంగ్లిష్ కాదండి, అందులో క్రియలు తీసేసి చదువుతారు. మాటల వరస ఎప్పుడూ మారదు, అది పట్టుకుంటే చాలు. ముందు గేల్ (పెనుగాలి) హెచ్చరికలున్న ప్రాంతాల పేర్లు, తర్వాత అల్పపీడనాలు ఎక్కడున్నాయి, ఎటు పోతున్నాయి, ఆ తర్వాత బ్రిటన్ చుట్టుపక్కల 31 సముద్ర ప్రాంతాలు. వైకింగ్‌తో మొదలై సౌత్‌ఈస్ట్ ఐస్‌లాండ్‌తో అయిపోతుంది. పటం ఎదురుగా పెట్టుకుని వినండి, లేకపోతే పేర్లన్నీ కలిసిపోతాయి.

ఒక్కో ప్రాంతానికి గాలి దిక్కు, బోఫర్ట్ అంకె (గాలి బలం చెప్పే కొలత), సముద్రం తీరు, వాన, చూపు దూరం, ఇదే క్రమం. చివర్లో ఒంటరిగా ‘గుడ్’ అని వినిపిస్తే అది చూపు దూరం: 5 నాటికల్ మైళ్లకి (ఒక్కోటి దాదాపు 1.85 కి.మీ.) పైన. ‘మోడరేట్’ 2 నుంచి 5, ‘పూర్’ వెయ్యి మీటర్ల నుంచి 2 మైళ్లు, ‘వెరీ పూర్’ వెయ్యి మీటర్ల లోపు. కాలం చెప్పే మాటలకీ కొలత ఉంది. గేల్ హెచ్చరికలో ‘ఇమినెంట్’ అంటే 6 గంటల్లోపు, ‘సూన్’ 6 నుంచి 12, ‘లేటర్’ 12 దాటాక. ‘వీరింగ్’ అంటే గాలి గడియారం ముల్లు తిరిగే వైపు మళ్లడం, ‘బ్యాకింగ్’ దానికి ఎదురు.

ఇది మన తీరానికీ పనికొస్తుంది. పడమరకి కదిలే తుపాను విశాఖకి దక్షిణంగా తీరం దాటితే మనకి గాలి ఈశాన్యం నుంచి తూర్పుకి, ఆగ్నేయానికి తిరుగుతుంది, అది వీరింగ్. ఉత్తరంగా దాటితే ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకి మళ్లుతుంది, అది బ్యాకింగ్.

జవాబు (ఎంవీపీ_రేడియో)

పైవారి మాటకి ఒక జాగ్రత్త కలుపుతాను. వాళ్ల పేర్లనీ మన పేర్లనీ ఒకటనుకోవద్దు. వాళ్ల ‘గేల్ 8’ అంటే 34 నుంచి 40 నాట్లు (గంటకి నాటికల్ మైళ్లు), ‘సివియర్ గేల్ 9’ 41 నుంచి 47. మన వాతావరణ శాఖ ఈ రెండూ కలిపి 34 నుంచి 47 దాకా తుపాను అంటుంది, 48 నుంచి తీవ్ర తుపాను. వేటకెళ్లే మరపడవలవాళ్లు చూడాల్సింది విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్, ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచిక నంబరు. లండన్ నుంచి వచ్చేది చెవి తర్ఫీదుకే వాడుకోండి.