మంచితనానికి స్టార్లు పెట్టొచ్చా? ఒకటో తరగతి గోడ మీద చార్ట్ గొడవ

పటమట అమ్మ:
మా పాప ఒకటో తరగతి. ఇక్కడే దగ్గర్లో ప్రైవేటు స్కూలు. జూలై నుంచి క్లాసు గోడకి ఒక చార్ట్ పెట్టారు. అందరి పేర్లూ వరసగా ఉంటాయి, ఎవరికైనా సాయం చేస్తే మిస్ ఆ పిల్లల పేరు పక్కన స్టార్ అంటిస్తారు. శుక్రవారం ఎవరికి ఎక్కువుంటే వాళ్ల నెత్తిన అట్ట కిరీటం, అందరూ చప్పట్లు. మొదట్లో నాకూ ముచ్చటేసింది.

మొన్న స్నానం చేయిస్తుంటే తనే చెప్పింది. "అమ్మా, ఇవాళ నాకు రెండు స్టార్లు. పక్కమ్మాయి రబ్బరు నేనే కింద పడేసి నేనే తీసిచ్చా. మిస్ చూసింది." ఎంత గర్వమో మొహంలో! నవ్వాలో కసరాలో తెలియలేదు. ఆ పక్కమ్మాయి శ్రీకాకుళం నుంచి వచ్చింది. విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకి ఇచ్చే 25 శాతం సీట్లలో చేరింది. ఆ పిల్ల "ఏటి?" అన్నప్పుడల్లా క్లాసంతా నవ్వుతారట, మా పాపతో సహా. నవ్విన రోజు కూడా మా పాపకి స్టార్ పడింది.

చార్ట్ తీసేయమని మిస్‌ని అడగనా? మా ఆయనేమో "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు" అంటున్నారు.

గుణదల నాన్న:
ఉంచమనే నా మాట. మనం మాత్రం కాపీ పుస్తకంలో "వెరీ గుడ్" కోసమే కదండీ దస్తూరి దిద్దుకున్నాం? అది లేకపోయినా ఇప్పుడు రాస్తున్నాంగా. ఇంటికొచ్చిన వాళ్లకి నమస్కారం పెట్టమంటే ఏ పిల్లాడూ మొదట మనసారా పెట్టడు, వీపు మీద మన చెయ్యి ఉంటేనే పెడతాడు. తర్వాత అలవాటవుతుంది. నలభై మంది పిల్లలకి ఒక్క మిస్. ఆవిడకి చేతనైంది ఆవిడ చేస్తోంది.

బ్రాడీపేట మాస్టారు (రిటైర్డ్):
నాన్నగారూ, దస్తూరి వేరు, సాయం వేరు. 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ నర్సరీలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడం ఇష్టపడే మూడు నుంచి అయిదేళ్ల పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి, అలాగే ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత పెన్నులు ఊరికే బల్ల మీద పెట్టి చూస్తే, ఆ పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగం సేపే వాటితో గడిపారు. చెప్పకుండా, అనుకోకుండా సర్టిఫికెట్ అందుకున్న వాళ్లకి మాత్రం ఇష్టం తగ్గలేదు. గమనించండి, చెడగొట్టింది బహుమతి కాదు, ముందే పెట్టిన బేరం.

2008లో వార్నెకెన్, టొమసెల్లో అనే వాళ్లు ఇరవై నెలల పసివాళ్లని చూశారు. కిందపడిన వస్తువు అందించినందుకు ఆట వస్తువు అందుకున్న పిల్లలు, తర్వాత తర్వాత సాయం తగ్గించేశారు. నోటిమాటగా మెప్పు పొందినవాళ్లూ, ఏమీ అందుకోనివాళ్లూ తగ్గించలేదు. మీ పాప రబ్బరు పడేసిందంటే తప్పు తనది కాదమ్మా. లెక్క నేర్పారు, పిల్ల లెక్క నేర్చుకుంది.

సింగ్‌నగర్ వాసి:
2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా ఇళ్లలోకి వచ్చినప్పుడు మావాడి పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. అప్పుడు నాలుగో తరగతి. స్కూలు తెరిచాక పక్క బెంచీ పిల్లలు తలా ఒక సబ్జెక్టు పంచుకుని నోట్స్ రాసిచ్చారు. స్టార్ లేదు, కిరీటం లేదు. ఒకడి రాత అయితే ఇప్పటికీ మాకు అర్థం కాదు, అది వేరే సంగతి.

గుణదల నాన్న:
వరదొస్తే పెద్దవాళ్లమూ మంచివాళ్లమే అవుతామండీ. మామూలు మంగళవారం సంగతి చెప్పండి.

ఆటోనగర్ టీచర్:
మాస్టారూ, మీ పరిశోధనలకి దణ్ణం. మా మేనేజ్‌మెంటుకి మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఫోటో కావాలి. చార్ట్ ఫోటోకి వస్తుంది, మనసు రాదు. తల్లిదండ్రులు కూడా "మావాడికి ఎన్ని వచ్చాయి" అనే అడుగుతారు. టెన్షన్ మాకు.

నేను చేసింది ఇది. పేర్లు తీసేసి ఒక గాజు సీసా పెట్టాను. ఎవరు మంచిపని చేసినా గోళీ అందులో పడుతుంది, ఎవరిదో రాయను. సీసా నిండితే అందరికీ కలిపి గ్రౌండులో ఏడుపెంకులాట.

ఒక అమ్మ, భవానీపురం:
మేడమ్, ఏమనుకోకండి. మావాడికి ఏడీహెచ్‌డీ, అంటే కుదురుగా కూర్చోలేడు, ధ్యాస నిలవదు. వాళ్ల క్లాసులో ఇలాంటి సీసానే. వాడు లేచి తిరిగితే ఒక గోళీ తీసేస్తారు. "నీ వల్లే ఆట పోయింది" అని ఇంటర్వెల్‌లో ముప్పై మంది ఒకేసారి. చార్ట్ మీదైతే వాడి పేరు పక్కన ఖాళీ ఉండేది, అంతే. సీసా వచ్చాక శత్రువులు పుట్టారు.

ఆటోనగర్ టీచర్:
నేను వేయడమే, తీయడం లేదండీ. కానీ మీరు చెప్పింది నిజం. ఈ వారం సీసా నిండకపోతే పిల్లలు ఎవరి వైపు చూస్తారో నాకు తెలుసు.

పాత గుంటూరు:
మా కాలంలో ఒక్క బెత్తం దెబ్బతో దయ, దాక్షిణ్యం రెండూ వచ్చేవి.

బ్రాడీపేట మాస్టారు (రిటైర్డ్):
బెత్తానికి భయం వచ్చేది నాయనా. ఇప్పుడు 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. యాస పట్టుకుని నవ్వుతుంటే టీచరు చూస్తూ ఊరుకోవడం ఎందులోకి వస్తుందో అదీ ఆలోచించాలి.

మండల పరిషత్ స్కూల్ టీచర్, గుంటూరు:
అందరూ పిల్లల మనసు గురించి మాట్లాడుతున్నారు. నేను మాత్రం వాళ్లు కూర్చునే చోటు గురించి మాట్లాడతాను.

మా రెండో తరగతిలో ఒక బాబు వాళ్లమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఇంట్లో అందరి బట్టలకీ ఆ ఘాటే. వాడు పక్కన కూర్చుంటే తుమ్ములు. మధ్యాహ్న భోజనం దగ్గర వాడికి అటో మనిషి, ఇటో మనిషి ఖాళీ. పేరు "మిరపకాయ్" అయిపోయింది. "అలా అనకూడదు నాన్నా" అని పది సార్లు చెప్పాను. నేనుంటే అనరు, అంతే.

చివరికి చిక్కీలు పంచే పని జతలకి అప్పగించాను. జత వారం వారం రోల్ నంబరు ప్రకారం మారుతుంది. మంచివాళ్లకి ఇచ్చే పని కాదది, అందరి వంతూ వస్తుంది. చేతిలో చిక్కీ ఉన్నవాడికి దూరంగా ఎవరు కూర్చుంటారండీ? తర్వాత ఒకరోజు వాళ్లమ్మని క్లాసుకి రమ్మన్నాను. ఆవిడ సిగ్గుపడుతూనే చాటలో కాయలు పోసి తొడిమ ఎలా తుంచాలో చూపించింది. నలుగురు పిల్లలు కళ్లు నులుముకుని ఏడ్చారు, వాడేమో చేతులు కడిగించడానికి అందర్నీ కుళాయి దగ్గరికి తీసుకెళ్లాడు.

ఖాళీ పోయింది. పేరు పోలేదు. ఇప్పుడు వాడే "నేను మిరపకాయ్‌ని" అంటున్నాడు. అది మంచికో చెడుకో నాకింకా తేల్లేదు.

షికాగోలో వివియన్ పేలీ అనే కిండర్‌గార్టెన్ టీచర్ "నువ్వు మాతో ఆడకూడదు అని ఎవరూ అనకూడదు" అని క్లాసుకే రూలు పెట్టింది. స్నేహం చేయమని బలవంతం చేయలేం, తలుపు మూయొద్దని మాత్రం చెప్పగలం. పటమట అమ్మగారూ, మీరు చార్ట్ గురించి కాదు, ఆ శ్రీకాకుళం పాప పక్కన ఎవరు తింటున్నారని అడగండి.

గుణదల నాన్న:
సరే, రోల్ నంబరు పద్ధతి నచ్చింది. చార్ట్ మీద మాత్రం నా మాట నాదే.

పటమట అమ్మ:
నిన్న మిస్‌ని కలిశాను. పాపం ఆవిడే "నాకూ ఇష్టం లేదండీ, అన్ని సెక్షన్లకీ పెట్టమన్నారు" అంది. శుక్రవారం కిరీటం తప్పదట. కానీ లంచ్‌కి జతలు మార్చడానికి ఒప్పుకుంది. ఈ వారం మా పాపకి ఆ అమ్మాయే జత.

సాయంత్రం వచ్చి "ఏటి అంటే ఏంటి కాదమ్మా, ఏటే" అని నాకు నేర్పింది. రేపు బాక్సులో రెండు సున్నుండలు పెట్టమంది. మా స్కూల్లో బాక్సు పంచుకోవడం నిషేధం. దాని మీద ఇంకో చర్చ పెట్టాలేమో.