పాత పత్రికల స్కాన్లు: ఫోన్లో చదివేవాళ్ల కోసం జిప్ పెట్టాలా, రార్ చాలా?

అటకమీదిపెట్టె: ఇక్కడ పెట్టిన 1930ల పత్రికల స్కాన్లు దించాను. మొత్తం 6 జీబీ, నాలుగు రార్ భాగాలు (చాలా ఫైళ్లను ఒకే మూటగా కుదించే పద్ధతుల్లో రార్ ఒకటి, జిప్ ఇంకొకటి). గూగుల్ ఫైల్స్‌లో నొక్కితే తెరుచుకోవడం లేదు. జిప్‌గా పెట్టి ఉంటే ఈ తంటా ఉండేది కాదు కదా?

గోదారిగట్టు: గూగుల్ ఫైల్స్ విప్పేది జిప్ ఒక్కటే. జెడ్‌ఆర్కైవర్ గానీ, రార్‌ల్యాబ్ వాళ్ల రార్ యాప్ గానీ వేసుకోండి, రెండూ ఉచితమే. నాలుగు భాగాలూ ఒకే ఫోల్డర్లో ఉంచి పార్ట్1 మాత్రమే నొక్కండి, మిగతావి అదే అందుకుంటుంది. ఒకే భాగాన్ని రెండోసారి దించితే బ్రౌజర్ పేరు చివర (1) తగిలిస్తుంది. అది చెరిపేయకపోతే ఆ భాగం దొరకలేదని మొరాయిస్తుంది. జాగా 12 జీబీ పైన ఉండాలి: భాగాలకు 6, విప్పిన బొమ్మలకు ఇంకో 6.

నల్లమల77: 12 జీబీ ఖాళీ ఎవరి ఫోన్ల ఉంటది? 32 జీబీ ఫోన్లు వాడేటోళ్లు ఇంకా ఉన్నరు. జిప్ పెట్టున్రి, సంచికకొకటి.

పాతకాగితం: పెట్టింది నేనే. జిప్ కన్నా రార్ చిన్నగా వస్తుంది. అందుకే రార్.

గోదారిగట్టు: స్కాన్లు జేపెగ్‌లే కదండీ. అవి ముందే కుదించినవి, ఇంక పిండినా రాదు. అక్షరాల ఫైళ్లయితే మీ మాట నిజం.

పాతకాగితం: కాస్త తగ్గినా తగ్గినట్టే. పైగా 3 శాతం రికవరీ రికార్డు పెట్టాను, కొన్ని బైట్లు పాడైనా బాగుచేసుకోవచ్చు. జిప్‌లో ఆ సదుపాయం ఉందా? చెప్పండి.

సీతాకోక: ఐప్యాడ్‌లో అయితే జిప్ మీద నొక్కితే చాలు, పక్కనే ఫోల్డర్ వచ్చేస్తుంది. 2019 నుంచీ అంతే.

నల్లమల77: 1.5 జీబీ భాగంల 400 ఎంబీ తక్కువొస్తే మీ 3 శాతం ఏం జేస్తది? ఫోన్ల చెడిపోయేది గట్లనే, డౌన్‌లోడు సగంల ఆగి తోక తెగుతది. "అన్ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఆర్కైవ్" అనొస్తే గదే. మళ్ల దించుడు తప్ప వేరే మందు లేదు.

పాతకాగితం: పెట్టినన్నాళ్లూ ఒక్కరూ బాగుందనలేదు. ఇప్పుడు సంచికకొకటి చేసి, వలిచి నోట్లో పెట్టాలా? ఓ చిన్న యాప్ వేసుకోలేరా?

నల్లమల77: అన్నా, అసలు లొల్లి గదే. మీరు కంప్యూటరున్నోళ్ల కోసం పెడుతున్నరు, మేం ఫోన్లనే చదువుతం. నాకు కావల్సింది ఒక్క సంచిక. మీరేమో రార్ చేసేటప్పుడు సాలిడ్ టిక్ పెట్టిన్రు, అంటే ఫైళ్లన్నీ కలిపి ఒకే ముద్దలెక్క కుదిస్తది. చివరి బొమ్మ తియ్యాలంటే ముందున్నవన్నీ విప్పుకుంటనే పోవాలె. నాలుగు భాగాలూ దించాలె.

పాతకాగితం: సాలిడ్ టిక్ ఉన్న మాట నిజమే. జేపెగ్‌లకు అది దండగే, ఒప్పుకుంటాను. రార్ మాత్రం మార్చను.

అటకమీదిపెట్టె: జెడ్‌ఆర్కైవర్ వేశాను. అన్నీ వచ్చాయి గానీ చివర్లో ఒక ఫైలు దగ్గర "ఫైల్ నేమ్ టూ లాంగ్" అని ఆగింది.

గోదారిగట్టు: అందులో రార్ తప్పు లేదు, జిప్ అయినా అక్కడే ఆగేది. ఆండ్రాయిడ్లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, ఒక్కోటీ 3 బైట్లు. "శ్రీ" ఒక్కటే చూడండి: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, అంటే 12 బైట్లు. లెక్కన 85 గుర్తులకే పేరు నిండిపోతుంది. విండోస్ 255 గుర్తుల దాకా ఒప్పుకుంటుంది కాబట్టి పెట్టినవారికి తెలియదు. పాతకాగితం గారూ, ఆ పేర్లలో సంపాదకుడు, ముద్రణాలయం, ఊరు అన్నీ ఎక్కించారు. 80 లోపు ఉంచితే భయం లేదు.

పాతకాగితం: సరే, పత్రిక, నెల, ఏడు మాత్రం ఉంచుతాను. జిప్ సంగతి మళ్లీ ఎత్తకండి.

నల్లమల77: జిప్ గాదన్నా, సంచికకొకటి అంటున్న.

పాతకాగితం: సంచికకొక రార్ పెడతాను.

నల్లమల77: రారైతే గూగుల్ ఫైల్స్‌ల తెరుచుకోదు గద.