ఇంట్లో తీసిన టమాటా గింజలకు వేడినీళ్ళ శుద్ధి చేయాలా, వద్దా?

కుప్పం మిద్దెతోట:
అందరికీ నమస్కారం. మా అమ్మ దగ్గర నుంచి తెచ్చుకున్న నాటు టమాటా ఒకటి ఉంది. గాట్లు గాట్లుగా ఉండి పుల్లగా ఉంటుంది, రసానికి దాన్ని మించినది లేదు. ఆరేళ్ళుగా గింజ నేనే తీసి పెట్టుకుంటున్నా. పోయిన ఏడు ఆకుల మీద చిన్న నల్ల మచ్చలు, కాయల మీద గరుకు పొక్కులు వచ్చాయి. బాక్టీరియా మచ్చ తెగులు, గింజతో కూడా వస్తుంది, వేడినీళ్ళలో శుద్ధి చెయ్యండి అన్నారు. నీళ్ళు కాచి, చల్లనీళ్ళు కలిపి, చెయ్యి పెట్టి చూసుకుని అరగంట నానబెట్టా. 40 గింజలు పెడితే 9 మొలిచాయి. శుద్ధి చెయ్యకుండా ఊరికే పులియబెట్టి ఆరబెట్టినవి 40కి 36 వచ్చాయి. ఇంత గింజ చంపుకుని శుద్ధి ఎందుకు? నా దగ్గర మిగిలింది ఒక చెంచాడు గింజ. చాలా టెన్షన్‌గా ఉంది.

తెనాలి పెరడు:
అక్కా, ఆ వేడినీళ్ళ జోలికే పోకండి. మా ఇంట్లో ఎప్పటి నుంచో ఒకటే పద్ధతి. బాగా మాగిన కాయ కోసి గుజ్జుతో సహా గాజు గ్లాసులోకి పిండి, చుక్క నీళ్ళు కూడా పొయ్యకుండా నీడలో పెడతాం. ఎండాకాలం అయితే రెండో రోజుకే పైన తెల్లటి పొర కట్టి పుల్లటి వాసన వస్తుంది. అప్పుడు నీళ్ళు పోసి కలిపితే మంచి గింజ అడుక్కి దిగుతుంది, తాలు తేలుతుంది. కడిగి పింగాణీ పళ్ళెంలో ఆరబెట్టడమే. కాగితం మీద వేస్తే అంటుకుపోతుంది. మొలకను ఆపే జిగురు పోవడానికి అది చాలు. చాలామంది మూడు నాలుగు రోజులు వదిలేసి, గ్లాసులోనే మొలకలొచ్చాక బాధపడతారు. నాకు ఇన్నేళ్ళలో మచ్చ తెగులు రాలేదు.

నారు నర్సరీ:
తెనాలి వాళ్ళు చెప్పిన పులియబెట్టే పద్ధతి అక్షరాలా సరైనది, నేనూ అదే చేస్తా. కానీ మీ తోటలో తెగులు లేదు కాబట్టి మీ గింజలో తెగులు లేదు. పులియబెట్టడం వల్లే రాలేదని దానితో తేలదు. పులుపు గింజ పైనున్న క్రిములను చాలావరకు తగ్గిస్తుంది, పొట్టు కింద దాగిన వాటిని చేరలేదు. అక్కడికి చేరేది వేడి.

కుప్పం అక్కా, మీ గింజ చచ్చింది శుద్ధి వల్ల కాదు, చెయ్యి పెట్టి చూడటం వల్ల. టమాటాకి కావలసింది 50 డిగ్రీలు, 25 నిమిషాలు. నాలుగైదు డిగ్రీలు ఎక్కువైతే గింజ లోపలి మొలక దెబ్బతింటుంది, అంత తక్కువైతే క్రిమి బతికిపోతుంది. చేతికి 48కీ 55కీ తేడా తెలియదు. జ్వరం చూసే థర్మామీటర్ కూడా పనికిరాదు, అది 42 దగ్గరే ఆగిపోతుంది. వంటకి వాడే డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోండి.

నేను చేసేది చెప్తా. గింజ పల్చటి నూలు బట్టలో సగానికి మించకుండా వదులుగా కట్టి, మూటలో ఒక చిన్న స్టీలు చెంచా వేస్తా, లేకపోతే తేలిపోతుంది. ముందు 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో 10 నిమిషాలు. ఆ మూటను నీళ్ళలోనే పిండి గాలి బుడగలు పోగొట్టాలి, గాలి ఉన్నచోట వేడి తగలదు. తర్వాత 50 డిగ్రీల నీళ్ళలో 25 నిమిషాలు. పెద్ద గిన్నె తీసుకోండి, కనీసం పది లీటర్లు. చిన్న గిన్నెలో నీళ్ళు చూస్తుండగానే చల్లారిపోతాయి. పక్కన కాగిన నీళ్ళ చెంబు పెట్టుకుని, డిగ్రీ తగ్గినప్పుడల్లా మూటకు దూరంగా కొద్దికొద్దిగా పోసి కలుపుతూ ఉండాలి. టైం అయిన క్షణం చల్లనీళ్ళలో ముంచి, నీడలో ఆరబెట్టాలి.

ఇంకొక్క మాట. పాత గింజకీ, పచ్చి కాయ నుంచి తీసిన గింజకీ ఇది చెయ్యొద్దు, తట్టుకోలేవు. శుద్ధి చేసిన గింజ ఎక్కువ కాలం నిల్వ ఉండదు, అందుకని ఈ సీజన్‌కి ఎంత కావాలో అంతే చెయ్యండి.

ప్రకృతి సాగు కదిరి:
ఇంత తతంగం ఎందుకన్నా? బీజామృతం ఉంది కదా. ఆవు పేడ, మూత్రం, సున్నం, గుప్పెడు గట్టు మట్టి కలిపి రాత్రంతా ఉంచి గింజకు పట్టిస్తే సరిపోతుంది. మా నారు ఎప్పుడూ ముదురాకుపచ్చగానే ఉంటుంది. పోయినసారి చెయ్యలేదు, ఆకుముడుత తగులుకుంది.

నారు నర్సరీ:
బీజామృతాన్ని తక్కువ చెయ్యను తమ్ముడూ. నారుకుళ్ళు తగ్గడానికి, మొలక బలంగా రావడానికి చాలామంది రైతులు వాడుతున్నారు, నేను ట్రైకోడెర్మా (మేలు చేసే బూజు పొడి) పట్టించేదీ అందుకే. కానీ అది పొట్టు కింది క్రిమిని చంపే మందు కాదు. ఆకుముడుత విషయంలో మాత్రం నువ్వు తప్పు చోట వెతుకుతున్నావు. అది వైరస్ తెగులు, దాన్ని మోసేది తెల్లదోమ. గింజకు ఏం పట్టించినా ఆగదు. నారుమడికి సన్న కన్ను నెట్ కట్టు, పసుపు జిగురు అట్టలు పెట్టు. మొజాయిక్ వైరస్ వేరు, అది గింజ పొట్టుకు అంటుకుని వస్తుంది. దానికి వేడినీళ్ళని నమ్ముకోకూడదు, ట్రైసోడియం ఫాస్ఫేట్ అనే రసాయనం పది శాతం ద్రావణంలో 15 నిమిషాలు ఉంచి, పారే నీళ్ళ కింద బాగా కడగాలి. ఏ తెగులో తెలుసుకోకుండా శుద్ధి చేస్తే గింజా పోతుంది, తెగులూ పోదు.

తెనాలి పెరడు:
అన్నా, మీరు చెప్పింది కాదనను. కానీ పది కుండీలు పెట్టుకునే ఇల్లాలు థర్మామీటర్ పట్టుకుని అరగంట నిలబడాలా? తెగులు వచ్చిన మొక్క నుంచి అసలు గింజ తియ్యకూడదు, అది మొదటి మాట. ఆరోగ్యంగా ఉన్న ఒక్క మొక్కకు గుడ్డపీలిక కట్టి గుర్తు పెట్టుకుని దాని రెండో కాపు కాయ తీసుకుంటే ఈ గొడవే లేదు.

కుప్పం మిద్దెతోట:
అలా చేసే వీలు ఉంటే చేసేదాన్ని తమ్ముడూ. పోయిన ఏడు ఉన్న నాలుగు మొక్కలకీ మచ్చ వచ్చింది. ఈ గింజ పోతే అమ్మ ఇచ్చిన టమాటా పోయినట్టే, ఇంకెవరి దగ్గరా లేదు.

డాలస్ తోట:
అక్కా, ఇక్కడ నేను నీటిని ఒకే డిగ్రీలో నిలబెట్టే వంట పరికరంతో చేస్తాను, చెంబు పని ఉండదు. మీ పరిస్థితిలో చెంచాడూ ఒకేసారి ముంచకండి. ముందు 25 గింజలకే చెయ్యండి, తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఎనిమిది రోజులు చూడండి. ధృవీకరించిన టమాటా విత్తనానికి మన దేశంలో కనీస మొలక 70 శాతం, అంటే 25కి 18 వస్తే మీ పద్ధతి సరిగ్గా ఉన్నట్టే. శుద్ధి చెయ్యని గింజ కొంత పొడిగా, సీసాలో మూత బిగించి ఫ్రిజ్‌లో దాచండి.

కుప్పం మిద్దెతోట:
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా. థర్మామీటర్ కొన్నా. అన్నం వండే పెద్ద గిన్నెలో, మా అబ్బాయి గడియారం పట్టుకుని కూర్చుంటే చేశాం. 50కీ 51కీ మధ్యే ఉంచగలిగాం. నాలుగో రోజు ఒక్కటీ కదల్లేదు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆరో రోజు తెల్లటి వేళ్ళు కనిపించాయి. ఎనిమిదో రోజుకి 25కి 21. మొలిచినవన్నీ కొత్త కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు), కడిగి ఎండబెట్టిన ట్రేలో పెట్టా, పాత మట్టి వాడలేదు. పోయిన ఏటి కర్రలూ తాళ్ళూ తీసేశా.

తెనాలి పెరడు:
చాలా సంతోషం అక్కా. మచ్చ వస్తుందో రాదో కాయ పట్టేదాకా చెప్పలేం కాబట్టి నా మాట మీదే నేనున్నా. కానీ ఒక మొక్క నుంచి ఈసారి పది గింజలు నాకు పంపండి. రెండు ఊళ్ళలో ఉంటే గింజ పోదు.