అప్‌డేట్: కౌన్సెలర్ దగ్గరకు వెళ్లొచ్చాను

నెల కిందట అడిగాను కదా, నిద్ర పట్టట్లేదు, ఆఫీసు టెన్షన్‌తో గుండె దడ, కౌన్సెలర్ దగ్గరకు వెళ్తే ఏం అడుగుతారని. మూడు సెషన్లు అయ్యాయి.

మొదటి రోజు సగం సమయం ప్రశ్నలకే పోయింది. నిద్ర, తిండి, ఇంట్లో ఎవరెవరు, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా... ఆ చివరిదానికి ఉలిక్కిపడ్డాను. అందరినీ అడుగుతారట. చెప్పినవి బయటకు పోవని, ప్రాణాపాయం అనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్పాల్సి వస్తుందని ముందే అన్నారు. మందులు రాయరు, అది సైకియాట్రిస్టు పని.

సలహాలిస్తారనుకున్నా, ఇవ్వలేదు. నాన్న గురించి ఒక్క మాట అడిగేసరికి ఏడుపొచ్చేసింది. ఆవిడ టిష్యూ డబ్బా నా వైపు జరిపి ఊరుకున్నారు, అంతే. రెండో సెషన్ తర్వాత ఇంకా చిరాకేసి, మానేద్దామనుకున్నా. ఆ మాటే ఆవిడతో అంటే నొచ్చుకోలేదు, కాస్త నెమ్మదిగా వెళ్దాం అన్నారు.

ఇప్పుడు హోంవర్కు కూడా ఉంది: దడ వచ్చినప్పుడల్లా టైము, అప్పుడు మనసులో మెదిలిన మాట నోట్‌బుక్‌లో రాయాలి. చూస్తే ఎక్కువగా ఆదివారం సాయంత్రాలే!

ఫీజు భారమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. అమ్మకు మాత్రం ఇంకా పంటి డాక్టరు దగ్గరకనే చెబుతున్నా.