నవంబరు నుంచి సంక్రాంతి దాకా పిల్లల ఆట ఆగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: ఇద్దరు పిల్లల తల్లి, తిరుపతి

నమస్కారం. మా పాప నాలుగో తరగతి, బాబు ఒకటో తరగతి చదువుతున్నారు. దసరా సెలవుల వరకు ఇద్దరూ సాయంత్రం వీధిలో సైకిలు తొక్కుతూ, దాగుడుమూతలు ఆడుతూ ఎంత పిలిచినా ఇంటికి వచ్చేవారు కాదు. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైనప్పటి నుంచి మాత్రం బడి, ఇల్లు, సెల్‌ఫోను తప్ప వారికి మరో లోకం లేకుండా పోయింది. బడి వ్యాను నాలుగున్నరకు దింపుతుంది. స్నానం, పాలు, హోంవర్కు ముగిసేసరికి ఆరవుతుంది, అప్పటికి చీకటి పడిపోతుంది. మేముండేది మూడో అంతస్తు. కింద బండ్లు నిలిపే చోట బంతి ఆడితే కార్ల అద్దాలు పగులుతాయని అసోసియేషన్ వారు బోర్డు పెట్టారు.

దీనికి తోడు మా అత్తగారికి మంచు అంటే భయం. చెవుల్లో దూది, నెత్తిన మంకీ క్యాపు లేనిదే పిల్లలను గడప దాటనివ్వరు. కిందటి ఏడాది డిసెంబరులో బాబుకు పిల్లికూతలు వచ్చి, వైద్యుడు ఇన్‌హేలరు రాసినప్పటి నుంచి ఆ భయం నాకూ అంటుకుంది. ఆదివారాలు అలిపిరి మెట్లు ఎక్కిద్దామని మావారు అంటున్నారు. ఆరేళ్లవాడికి అది తగునా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, చిత్తూరు

అమ్మా, మీరు రాసిన దినచర్యలో ఒక్క వరుస మారిస్తే సగం చిక్కు విడిపోతుంది. వ్యాను దిగిన కాళ్లతోనే పిల్లలను ఆడనివ్వండి. స్నానం, హోంవర్కు చీకటి పడ్డాక కూడా చేసుకోవచ్చు, వెలుతురు మాత్రం మనకోసం ఆగదు. డిసెంబరులో మన వైపు సూర్యుడు దాదాపు అయిదే ముక్కాలుకు అస్తమిస్తాడు కాబట్టి, నాలుగున్నరకు దిగిన పిల్లలకు గంటకు పైగా వెలుతురు మిగులుతుంది. ఒక అరటిపండు చేతికిచ్చి, సంచి మీరు అందుకుంటే చాలు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలనీ, వారంలో కనీసం 3 రోజులు ఎముకలకు, కండరాలకు బలమిచ్చే ఆటలు అందులో ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంట ఒక్క బిగిన ఉండనక్కరలేదు. వానపడే రోజున బడిలో పావుగంట, ఇంట్లో మెట్ల మీద పది నిమిషాలు, వరండాలో అరగంట అయినా లెక్కకు వస్తుంది.

బంతి వద్దన్న చోట తాడు వద్దనలేదు కదా! స్కిప్పింగ్‌కు మించిన వానకాలపు ఆట నాకు కనబడలేదు. తాడు మధ్యభాగాన్ని కాలితో తొక్కి రెండు కొసలూ పైకి లాగితే అవి పిల్లల చంకల దాకా రావాలి. అంతకంటే పొడుగైతే తాడు నేల మీద ముడుచుకుని కాళ్లకు చుట్టుకుంటుంది. మీ బాబు వయసువారు తాడు తిప్పడం, ఎగరడం ఒకేసారి చేయబోయి పడిపోతారు. కాబట్టి మొదటి వారం తాడును తల మీదుగా తెచ్చి పాదాల ముందు ఆపి, దాన్ని దాటమనండి. రెండో వారానికి ఆ ఆగడం దానంతటదే పోతుంది. సుద్దముక్కతో గళ్లు గీస్తే తొక్కుడుబిళ్ళ ఆడుకుంటారు, స్తంభాలున్న పార్కింగు అయితే నాలుగు స్తంభాలాటకు అంతకంటే మంచి చోటు దొరకదు. తడిసిన టైల్స్ మీద మాత్రం ఎగరనివ్వకండి.

ఒక మాట బాధతో చెబుతున్నాను. నేను పనిచేసిన ఒక బడిలో నవంబరు రాగానే ఆటల పీరియడ్లను లెక్కల పీరియడ్లుగా మార్చేవారు, మైదానం బురదగా ఉందన్నది అందుకు సాకు. బురద ఎండిన తరువాత కూడా ఆ పీరియడ్లు తిరిగి వచ్చేవి కావు. మీ పిల్లల బడిలో ఏం జరుగుతోందో ఒకసారి టైంటేబులు అడిగి చూడండి.

జవాబు 2: పిల్లల వైద్యురాలు, తిరుపతి

మీ అత్తగారి భయాన్ని తీసిపారేయనవసరం లేదు గానీ, దాన్ని సరైన చోటికి మళ్లించాలి. జలుబు తెచ్చేవి రైనోవైరస్ వంటి వైరస్‌లు. తలుపులు, కిటికీలు బిగించుకుని నలుగురు ఒకే గదిలో కూర్చున్నప్పుడు అవి ఒకరి నుంచి మరొకరికి సులువుగా అంటుకుంటాయి. మన తిరుపతిలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 18, 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలిలో ఆడే పిల్లవాడికి స్వెట్టరు మీద స్వెట్టరు వేస్తే లోపల చెమట పట్టి, ఆట ఆగగానే ఆ తడి బట్టలే వణికిస్తాయి. పలుచని బట్టలు రెండు వరుసలుగా వేసి, వేడెక్కగానే పైది తీసేయడం మేలు. ఆడి రాగానే సబ్బుతో 20 సెకన్ల పాటు చేతులు కడిగిస్తే మంకీ క్యాపు కంటే ఎక్కువ రక్షణ దొరుకుతుంది.

బాబు సంగతి వేరుగా చూడాలి. పిల్లికూతలు వచ్చిన పిల్లలను ఆటలకు దూరం పెట్టడం సరికాదు. అయితే చల్లని పొడిగాలిలో ఒక్కసారిగా పరుగు తీస్తే గాలిగొట్టాలు బిగుసుకుపోయే అవకాశం ఉంది. అందుకే ముందు పది నిమిషాలు నడక, మెల్లని గెంతులతో మొదలుపెట్టి, ముక్కుతో ఊపిరి తీసుకోవడం అలవాటు చేయండి. ఆటకు ముందు ఇన్‌హేలరు వాడాలా అన్నది మీ వైద్యుణ్ణి అడిగి రాయించుకోండి, ఎక్కడికి వెళ్లినా అది మీ సంచిలో ఉండాలి. ఏటా వేయించే ఫ్లూ టీకా గురించి కూడా అడగండి. 9 ఏళ్లలోపు పిల్లలకు మొదటిసారి వేయించినప్పుడు నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు ఇస్తారు. భోగినాడు మంటల దగ్గర, ముఖ్యంగా పాత టైర్లు వేసే చోట, అతణ్ణి నిలబెట్టకండి.

ముక్కు కారుతూ ఉన్నా పిల్లవాడు హుషారుగా ఉంటే ఆడవచ్చు. జ్వరం, ఆయాసం, ఛాతీలో కూత ఉంటే ఆట మానాలి. మనకు ఈ కాలంలో చలి కంటే దోమ పెద్ద శత్రువు. డెంగీ తెచ్చే దోమ పగటిపూట, అందులోనూ పొద్దున, సాయంత్రం ఎక్కువగా కుడుతుంది కాబట్టి ఆడే వేళకు నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేయండి. పూలకుండీల పళ్లేలలో నీరు నిలవనివ్వకండి. చలికి పిల్లలు దాహం అనరు, అడిగి తాగించాలి. 6 నుంచి 12 ఏళ్లవారికి రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరమని కూడా గుర్తుంచుకోండి.

జవాబు 3: పలమనేరు అమ్మమ్మ

మా పలమనేరు మీ తిరుపతి కంటే ఎత్తులో ఉంది కాబట్టి చలి గట్టిగానే ఉంటుంది, అయినా మా మనవళ్లు ఇంట్లో నిలవరు. తిండి గురించి ఎవరూ రాయలేదని నేను రాస్తున్నాను. ఇప్పుడు సంతలో అనపకాయలు వస్తున్నాయి. గింజలు వలిచి రాత్రి నానబెట్టి, పొద్దున పిల్లల ముందు పెట్టండి. రెండు వేళ్ల మధ్య గింజను నొక్కితే పప్పు తుపుక్కున ఎగిరి ఎదుటివాడి ముఖాన పడుతుంది. వద్దన్నా మానరు, గంటలో పని అయిపోతుంది. ఆ పితికిన పప్పు కూరతో వేడి రాగి సంగటి పెడితే, ముద్ద మింగని పిల్లవాడు కూడా రెండోసారి అడుగుతాడు. సాయంత్రానికి బిస్కెట్లకు బదులు చెనక్కాయల ఉండ, జామకాయ ఉంచండి. పొద్దున మాత్రం మంచు విడిచి ఎండ కాసిన తరువాతే పిల్లలను బయటికి పంపుతాను, ఇందులో మీ అత్తగారి పక్షమే నాది.

జవాబు 4: ముగ్గురు పిల్లల తండ్రి, తిరుపతి

అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. మొదట్లోనే గాలిగోపురం దాకా ఉన్న ఎక్కుడు పెద్దవారికే ఆయాసం తెప్పిస్తుంది. ఆరేళ్లవాణ్ణి మొదటి ఆదివారమే కొండ పైదాకా నడిపించాలనుకోకండి. మేము మా చిన్నవాడితో రెండు వందల మెట్లు ఎక్కి, కూర్చుని, దిగి వచ్చేవాళ్లం. వాన పడితే రాతిమెట్లు జారుతాయి. 2023లో చిరుత దాడులు జరిగిన తరువాత పిల్లలతో నడిచే వేళలపై దేవస్థానం ఆంక్షలు పెట్టింది కాబట్టి, పొద్దున పూటే, అప్పటి నిబంధనలు తెలుసుకుని, పిల్లల చేయి వదలకుండా వెళ్లండి.

ప్రశ్న అడిగిన తల్లి, పన్నెండు రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. వ్యాను దిగగానే ఆట అన్న నియమం నాలుగు రోజులు ఏడిపించి, అయిదో రోజు నుంచి దారిలో పడింది. టైంటేబులు అడిగితే ఆటల పీరియడ్లు వారానికి రెండు ఉన్నాయని చూపించారు. పాపను అడిగితే ఈ నెలలో ఒక్కటే జరిగిందని చెప్పింది, ఆ సంగతి తల్లిదండ్రుల సమావేశంలో లేవనెత్తుతాను. వైద్యుడు బాబును పరీక్షించి, ఆడుకోవచ్చని, ఇన్‌హేలరు ఎప్పుడు వాడాలో కాగితం మీద రాసి ఇచ్చారు. మంకీ క్యాపు ఇంకా పోలేదు గానీ, మా అత్తగారు ఇప్పుడు కుర్చీ వేసుకుని కిందనే కూర్చుని గెంతులు లెక్కపెడుతున్నారు. నిన్న బాబు ఆగకుండా పద్నాలుగు గెంతాడని పాప అంటుంది, కాదు పదహారు అని ఆవిడ అంటున్నారు.