గజానికి 8 మిడతలుంటే మందు కొట్టాల్సిందేనా?

గడ్డిపరక: అమెరికా పశ్చిమ రాష్ట్రాల పచ్చిక బయళ్లలో చదరపు గజానికి 8 మిడతలు దాటితే మందు కొట్టాలన్నది పాత లెక్క. నా ఓటు దానికే. లెక్కేయడం తేలిక, ఆలస్యం చేస్తే రెక్కలొచ్చేస్తాయి.

తూనికరాయి: ఏ జాతి 8 అండీ? ఆలోకారా ఎలియటి (పెద్దతల మిడత) అయితే దాని మేతంతా దాదాపు గడ్డే. పరకను అంచు నుంచి కొరుక్కుంటూ పోతుంది, మధ్యలో తెగి పై ముక్క నేలన పడుతుంది, అదీ నష్టమే. హెస్పెరోటెట్టిక్స్ విరిడిస్ అయితే పశువులకు విషమైన స్నేక్‌వీడ్ అనే కలుపు మొక్కను తింటుంది. దాన్ని చంపడమంటే జీతం అడగని కూలీని తరిమేయడమే.

ఇంతకీ మీ 8 ఎలా వచ్చింది? చదరపు అడుగు చొప్పున 18 చోట్ల లెక్కపెట్టి, మొత్తాన్ని 2తో భాగించాలి. చల్లటి పొద్దున అవి గడ్డి మొదళ్లలో నక్కి ఉంటాయి, లెక్క తక్కువొస్తుంది.

గడ్డిపరక: జాతులు తేల్చేలోపు మేత అయిపోతుంది. డైఫ్లూబెంజురాన్ మందు ముందే కొట్టేస్తే సరి.

మట్టిపెళ్ల: ముందే కొట్టాలన్నది నిజమే. ఆ మందు కొత్త చర్మం సరిగా ఏర్పడనివ్వదు, కాబట్టి కుబుసం విడిచే పిల్లలే చస్తాయి. అయినా బయలంతా తడపక్కర్లేదు, ఒక పట్టీ కొట్టి పక్క పట్టీ వదిలేయండి. అటూ ఇటూ తిరిగే పిల్లలు మందున్న గడ్డి తిని పోతాయి, వదిలిన పట్టీలో వాటి శత్రువులు బతుకుతాయి. అసలు మందు కంటే ముందు మేపు చూసుకోవాలి. ఆలోకారా గుడ్లు పెట్టేది బోడినేలలో. అతిగా మేపితే మనమే చోటు చూపించినట్టు.

గడ్డిపరక: మా పెద్దతల మిడత ఏపైన గడ్డిలోనే ఎక్కువ కనిపిస్తోందే!

తూనికరాయి: అది ఆలోకారా కాదు, ఫీటాలియోటీస్ నెబ్రాసెన్సిస్ అయ్యుంటుంది. ఇంగ్లిషులో రెండింటికీ పెద్దతల పేరే, ఆ పెట్టినవాళ్లకో దండం! ఇది ఆలస్యంగా పొదుగుతుంది, కాబట్టి ఆలోకారాకు మందు కొట్టే అదను దీనికి కుదరదు. పైగా పెద్దయినా చాలావాటికి రెక్కలు పొట్టివే. పిల్లలనుకుని డైఫ్లూబెంజురాన్ కొడితే దండగ. రెక్క దగ్గర చూడండి: ముదురు పిల్లలో వెనక రెక్క మొగ్గ ముందుదాన్ని కప్పి ఉంటుంది, పెద్ద పురుగులో ముందు రెక్కే పైన ఉంటుంది.

గడ్డిపరక: పట్టినవాటిలో మూడొంతులకు ముందు రెక్కే పైన ఉంది. ఈ ఏటికి డైఫ్లూబెంజురాన్ ఆపేస్తున్నా. 8 లెక్క మాత్రం వదలను.