తుఫాను మెసేజ్ వచ్చింది, అమ్మ కదలనంటోంది. ఏం చేయాలి?

మాది కడప, బుగ్గవంక వాగుకు దగ్గర వీధి. పొద్దున్నుంచి ఫోన్‌కు తుఫాను మెసేజ్‌లు వస్తానే ఉన్నాయి. "సముద్రం యాడుంది, మనం యాడున్నాం" అంటుంది అమ్మ. నాకేమో టెన్షన్. 2020 నవంబరులో నివర్ తుఫాను యాడో పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది, అయినా బుగ్గవంక పొంగి మునిగింది మా ఇల్లు. ఆ రాత్రి మంచం కోళ్లకు నీళ్లు తగిలేదాకా మాకు మెలకువ రాలేదు. సగం ఖాళీ బియ్యం డ్రమ్ము తేలిపోయి తలుపుకు అడ్డం పడింది. నాన్నను భుజాన వేసుకుని మిద్దె ఎక్కించాను. నాన్న ఇప్పుడు లేరు. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. ఇప్పుడే అక్క వాళ్లింటికి తీసుకుపోవాలా, వాన పట్టాక చూడొచ్చా?

చెయ్యేరు ఒడ్డు రైతు:
తమ్ముడూ, మీ వీధిలో వాన చూసుకుని కూర్చోవద్దు. 2021 నవంబరు 19న మమ్మల్ని ముంచింది మా ఊరి వాన కాదు, పైనుంచి వచ్చిన నీళ్లు. అది తుఫాను కూడా కాదు, వాయుగుండమే. పైనున్న పింఛా డ్యామ్ కట్ట తెగి ఆ వరదంతా వచ్చి మా చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను కోసేసింది. కింద పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లు మునిగిపోయాయి. ఆ రోజు కార్తీక పౌర్ణమి. మందపల్లి శివాలయానికి దీపాలు పెట్టను పోయినోళ్లు తిరిగి రాలేదు. మా బావ ఫోన్ చేసి అరిస్తే మేం గుట్ట ఎక్కాం. దిగొచ్చి చూస్తే చేనులో మన్ను లేదు, మోకాటి లోతు ఇసుక. అమ్మను ఇప్పుడే తీసుకుపో.

ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి:
పారే నీళ్లు మోకాటి దాకా ఉన్నా మనిషిని పడేస్తాయి బాబూ. చీకట్లో, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను పడవలోకి ఎక్కించడం మాకే గండంగా ఉండేది. వరదల్లో కాపాడే కేంద్ర దళం ఎన్డీఆర్ఎఫ్, దాని పదో బెటాలియన్ ఉండేది విజయవాడ పక్కన కొండపావులూరులో. ముందే ఇక్కడికి పంపి ఉంటే సరే, లేకుంటే వాళ్లు వచ్చేసరికి గంటలు పడుతుంది. వెలుతురు ఉండగానే బయల్దేరండి. కరెంటు మెయిన్ ఆపండి, గ్యాస్ సిలిండర్ ఆపేయండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, మందులు రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి అమ్మ చేతికే ఇవ్వండి. ఇరుక్కుంటే 112కు చేయండి.

అడిగినవాణ్ణి:
అన్నా, సార్, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. దీపాల మాట రాగానే ఇంక చాలంది. బట్టలు సర్దుతోంది. పక్కింటి తాతనూ తీసుకుపోదామంటోంది, ఆయనకు ఎవరూ లేరు. ఆటో వచ్చింది, ముగ్గురం సరిపోతాం.